మైకులో దాత పేరు, ఫోనులో పేదవాడి ఫొటో, మరి లెక్కల పుస్తకం? – మన సంఘ యువజనులకు బహిరంగ లేఖ

మన సంఘ యువజన సేవా సమితి కార్యవర్గానికీ సభ్యులకూ,

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

ఈ ఉత్తరం మీ ప్రెసిడెంటు చేతిలో పెట్టి ఊరుకుని ఉండొచ్చు. అలా చేస్తే కమిటీలో పైపైన చదివి, "టీచరమ్మ మంచి మాటే చెప్పింది" అని ఫైల్లో పెట్టేస్తారు. మీలో సగంమంది నా సండే స్కూలు చాపల మీద కూర్చుని పెరిగినవాళ్లే కాబట్టి మీ పద్ధతులు నాకు కొత్త కాదు. పైగా మీకు చందా ఇచ్చేది సంఘమంతా. సంఘం బయట, బజారులో కొట్లవాళ్లు కూడా ఇస్తున్నారు. అంతమంది డబ్బు గురించి మాట్లాడేటప్పుడు గుసగుసలెందుకని అందరూ చదివేలా రాస్తున్నాను. సంఘం పెద్దలైన డీకన్లు కూడా చదవాలి. మీకు చెప్పే మాటల్లో కొన్ని వాళ్లకూ తగులుతాయి.

క్రిస్మస్‌కు మీరు వేయించిన కరపత్రం చూశాను. ఈ ఏడాది సమితిని సొసైటీగా రిజిస్టరు చేయిస్తామని, ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్‌లో వచ్చే కానుకలతో మూడు పనులు చేస్తామని రాశారు. రిమ్స్ ఆస్పత్రి దగ్గర అన్నం పొట్లాలు, పాలెంలో సాయంత్రం ట్యూషన్లు, పండగకు దుప్పట్ల పంపిణీ. కింద పెద్ద అక్షరాలతో "మీ ప్రేమ కానుకలు ఇక్కడికి పంపండి" అని ఒక క్యూఆర్ కోడ్.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. ఆదివారం ఆరాధన కాగానే బిర్యానీ పాయింట్ల వైపు పోకుండా ఆస్పత్రి గేటు దగ్గర సాంబారన్నం పొట్లాలు పంచడం చిన్న సంగతి కాదు. కనిగిరి, పామూరు, మార్కాపురం వైపు నుంచి వచ్చినవాళ్లకు ఒంగోల్లో చుట్టాలుండరు. రోగికి ఆస్పత్రివాళ్లు భోజనం పెడతారు. తోడొచ్చిన తల్లికో తమ్ముడికో ఎవరూ పెట్టరు. ఆ మనుషులు మీ కంట పడ్డారంటే మీకు చూపుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మీలో కొందరు పులిహోర, నీళ్ల సీసాలు వ్యానుకెత్తుకుని ఎవరి అనుమతీ అడక్కుండా వెళ్లారు. డీకన్ల బోర్డు మీటింగు పెట్టి, తీర్మానం రాసి, వ్యాను మాట్లాడేలోపు నీళ్లు తీసిపోయేవి. మీ వయసుకున్న ఆ దూకుడు మాకు లేదు. అది మీరు పోగొట్టుకోవద్దు.

ఇక నా అభ్యంతరం.

పోయిన కోతపండగ తర్వాత లెక్కలు చెప్పమని ఒక పెద్దాయన అడిగితే, కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని మత్తయి ఆరో అధ్యాయం ఎత్తి చూపారట మీలో ఒకరు. వినగానే నవ్వొచ్చింది. కాసేపటికి కోపమొచ్చింది. ఆ వాక్యం ధర్మం చేసేవాడికి చెప్పింది. అవతలివాళ్ల ధర్మం సొమ్ము చేతిలో పట్టుకున్న ట్రెజరరుకు చెప్పింది కాదు. ట్రెజరరుకు వాక్యం కావాలంటే కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఎనిమిదో అధ్యాయం తీయండి. యెరూషలేములోని బీదల కోసం పౌలు ఊరూరా చందా పోగుచేయిస్తున్నాడు. ఆ పనికి తన తోటిపనివాడు తీతును ఒక్కణ్నే పంపలేదు. సంఘాలన్నిట్లో మంచి పేరున్న ఒక సహోదరుణ్ని, అదీ సంఘాలు ఏర్పరచుకున్నవాణ్ని, అతనికి జత చేశాడు. అది చాలక మరొకణ్ని కూడా పంపాడు. ఇంత సొమ్ము విషయంలో తన మీద ఎవరూ నింద మోపకూడదని, దేవుడి ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా సరిగ్గా ఉండాలని కారణం కూడా రాసిపెట్టాడు. అపొస్తలుడంతటివాడు ముగ్గురిని పంపితే, మనకు ఒక్క ట్రెజరరు జేబులో ఉన్న ఫోను సరిపోయిందా?

నా లెక్కలో ఇచ్చేవాడు చాటున ఉండాలి, పుచ్చుకునేవాడు చాటున ఉండాలి, మధ్యలో సొమ్ము పట్టుకున్నవాడు బజార్లో నిలబడాలి. మన దగ్గర ఇదంతా తలకిందులైంది. ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో వినిపిస్తాయి. పుచ్చుకున్నవాళ్ల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో కనిపిస్తాయి. కనిపించనిదీ వినిపించనిదీ ఒక్క లెక్కల పుస్తకమే.

ఫొటోల సంగతి ముందు మాట్లాడుకుందాం. పోయిన పండగకు దుప్పట్లు పంచినప్పుడు ఒక్కో ముసలమ్మను నిలబెట్టి, దుప్పటికి ఒక కొస ఆమె, ఇంకో కొస మీలో నలుగురు పట్టుకుని, వెనక బ్యానరు కనిపించేలా ఫొటో తీశారు. ఎండలో వరసలో నిలబడి, పేరు పిలిచాక వచ్చి, కెమెరా వైపు చూడమంటే చూసి, అప్పుడు దుప్పటి తీసుకుని వెళ్లారు. వాళ్లలో కొందరు మన సంఘంలోనే వెనక బల్లల మీద కూర్చునేవాళ్లు. వచ్చే ఆదివారం మీ పక్కనే నిలబడి పాట పాడాల్సినవాళ్లు. దాతలకు రుజువు చూపాలి కదా అంటారు. రుజువు దుప్పట్లు కొన్న బిల్లు, అందుకున్నవాళ్ల సంతకాలో వేలిముద్రలో ఉన్న జాబితా. ఆ జాబితా ఆడిటరు చూస్తే చాలు, ఊరంతా చూడక్కర్లేదు. ఫొటో వల్ల తెలిసేది మీరు ఆ రోజు అక్కడున్నారని మాత్రమే.

అసలు ఒంగోల్లో దుప్పటి కప్పుకునే చలి ఎన్నాళ్లుంటుంది? క్రిస్మస్ వారంలో మీరూ దుప్పట్లే, పక్క సంఘమూ దుప్పట్లే, క్లబ్బులవాళ్లూ దుప్పట్లే, ఎన్నికలు దగ్గర పడితే నాయకులూ దుప్పట్లే. పాలెంలో కొందరి ట్రంకుపెట్టెల్లో మడత విప్పని దుప్పట్లున్నాయి. అదే ముసలమ్మకు ఫిబ్రవరిలో బీపీ మాత్రలు అయిపోతే ఎవరూ రారు. దుప్పటి కొనడం తేలిక, పంచడం ఒక్క పూట పని, ఫొటో బాగా వస్తుంది. అందుకే అందరూ దాని మీద పడుతున్నారని నా అనుమానం.

ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు మీరు. ఇక్కడ పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ దొర పేరు వినే ఉంటారు. అయితే 2,222 అన్న అంకె మాత్రమే మీకు గుర్తుంటుంది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజులో అంతమందికి బాప్తిస్మమిచ్చారని ప్రతి జూబిలీలోనూ చెప్పుకుంటాం. దానికి ముందు జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. జనం ఆకలితో రోడ్ల మీద పడిపోతున్న రోజులు. అప్పుడు జాన్ క్లౌ చేసిన పని చూడండి. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కుర్రతనంలో సర్వేవాళ్ల దగ్గర పనిచేసిన అనుభవం ఆయనకు అక్కరకొచ్చింది. కరువు జనాన్ని పనిలో పెట్టి, తవ్విన మట్టికి కొలత వేసి కూలి ఇచ్చాడు. తీసుకున్నవాడు బిచ్చం పుచ్చుకోలేదు, కూలి సంపాదించుకున్నాడు.

రెండో సంగతి ఇంకా పెద్దది. కరువు సాయం సొమ్ము తన చేతిలో ఆడినంతకాలం, ఏడాదికి పైగా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం వచ్చి అడుగుతున్నా ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని, అన్నం ఎర వేశాడన్న మాట తన మీద పడకూడదని. కూలి పనులు ముగిసి, పంచడానికి తన దగ్గర ఏమీ లేదని చెప్పాక కూడా వచ్చినవాళ్లకే నీళ్లలోకి దారి ఇచ్చాడు. ఆ 2,222 అంకెకు బరువు వచ్చింది అందువల్లే.

మీరు మొన్న అన్నం పొట్లాల సంచిలో కరపత్రాలు కూడా వేశారు కాబట్టి ఇదంతా చెప్పాల్సి వచ్చింది. సువార్త చెప్పొద్దని అనడానికి నేనెవర్ని? ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్న తల్లి చేతిలో పొట్లంతో పాటు కరపత్రం పెడితే మాత్రం ఆమె కాదనలేదు, ఎందుకంటే ఆమెకు ఆకలిగా ఉంది. కాదనలేని మనిషికి ఇచ్చేది సువార్త ఎలా అవుతుంది? బయట మన మీద ఎప్పుడూ ఉండే ఆరోపణ మీకు తెలుసు, ప్రలోభపెట్టి మతం మారుస్తున్నారని. ఒక్క కరపత్రం చూపించి మీ పొట్లాలన్నిటినీ ఆ ఖాతాలో వేసేస్తారు. సేవ చేసిన పూట సేవే చేయండి. మీరెవరని అడిగితే చెప్పండి, దాచాల్సిన పని లేదు.

చట్టం వైపు నుంచి కూడా ఇది చూసుకోవాలి. రేపు మీరు దాతలకు పన్ను రాయితీ దొరికే గుర్తింపు (80జి అని పిలుస్తూ వచ్చింది) కోసం వెళ్తారు. ఒకే మతంవాళ్ల మేలు కోసం పెట్టిన సంస్థకు అది రాదు. మత కార్యక్రమాల మీద పెట్టే ఖర్చు కూడా ఏడాది ఆదాయంలో 5 శాతం దాటకూడదు. కాబట్టి క్యారల్స్ స్టేజీ, సౌండు బాక్సులు, క్రిస్మస్ ట్రీ అలంకరణ సేవా సమితి ఖాతాలోంచి రాయకండి. అవి సంఘం ఖర్చులు, సంఘమే పెట్టుకోవాలి. పాలెం ట్యూషన్‌కు ఎవరి పిల్లలైనా రావాలి. వస్తున్నారు కూడా, అది నాకు సంతోషం.

ట్యూషన్ మాట వచ్చింది కాబట్టి అక్కడ కాసేపు ఆగుతాను. మీ కరపత్రంలో దీనికి ఒక్క లైనే ఇచ్చారు, నా దృష్టిలో మూడు పనుల్లో ఎక్కువ విలువైనది ఇదే. ఆ పిల్లల తల్లులు పొగాకు గ్రేడింగుకు పోతారు, తండ్రులు కొందరు చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో ఉంటారు. మిరపకాయల కోతల కాలంలో కొన్ని ఇళ్లకు తాళాలే. పిల్లలు అమ్మమ్మల దగ్గర ఉంటారు, లేదంటే బడి మానేసి వాళ్లతో పాటే గుంటూరు వైపు పోతారు. ఏడో తరగతి పిల్లవాడు మూడో తరగతి వాచకం కూడబలుక్కుని చదువుతాడు. బళ్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఈ మాట తేలిగ్గా అనడం లేదు. వీళ్లకు కావాల్సింది ఏడాది పొడవునా, వారానికి కనీసం ఐదు సాయంత్రాలు, ఒకే మనిషి. మీరేమో వంతులు వేసుకున్నారు. సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు, మీ సెమిస్టరు పరీక్షలొస్తే ఎవరూ లేరు. వచ్చినవాళ్లు కూడా బోర్డు మీద తమకు వచ్చిన లెక్క చేసి చూపించి వెళ్తున్నారు తప్ప, నిన్న ఎవరు ఎక్కడ ఆగిపోయారో వాళ్లకు తెలియదు.

పాలెంలోనే డిగ్రీ చదివి పెళ్లి సంబంధాల కోసం ఇంట్లో కూర్చున్న అమ్మాయిలున్నారు. వాళ్లలో ఒకరికి నెల జీతం ఇచ్చి ఆ బాధ్యత అప్పజెప్పండి. మీరు శనివారాలు వెళ్లి ఆటలాడించండి. వాలీబాల్ పుట్టింది అమెరికాలో వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘం జిమ్‌లో, 1895లో. క్రైస్తవ యువజనులు లోకానికి ఇచ్చినవాటిలో అదొకటి. మన చర్చి వెనక కోర్టు ఖాళీగా పడి ఉంది. జీతం ఇస్తే సేవ ఎలా అవుతుందని మీలో ఒకరు అన్నారు. పాస్టరు గారికి జీతం ఇవ్వడం లేదా మనం?

అయితే డిసెంబరులో వచ్చిన డబ్బు డిసెంబరులోనే అయిపోతే జూన్‌లో జీతం ఎక్కణ్నుంచి ఇస్తారు? మీ వసూళ్లన్నీ పండగ చుట్టూ తిరుగుతున్నాయి. క్యారల్స్, కోతపండగ వేలంపాట, కొత్త సంవత్సరం క్యాలెండరు. పని మాత్రం బడి తెరిచిన రోజు నుంచి వార్షిక పరీక్షల దాకా ఉంది. మన ఆడవాళ్లు ఈ చిక్కు ఎప్పుడో విప్పారు. రోజూ అన్నం వండేటప్పుడు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి తెచ్చేవాళ్లు. దోర్నకల్ వైపు గ్రామ సంఘాలు ఆ బియ్యం మీద నడిచాయి. అక్కడ బిషప్పు అజరయ్య. 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయన. అంతకుముందు ఏళ్ల తరబడి వైఎంసీఏ కార్యదర్శి, అంటే మీలాంటి యువజనుల మధ్య తిరిగినవాడే. దొరల డబ్బు లేకుండా మన మనుషులు, మన డబ్బు అని 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు మిషనరీ సంఘం పెట్టుకున్నప్పుడు దాని వెనక ఉన్నదీ ఆయనే. ఆ తమిళ సంఘం తన చందాలతో మన తెలుగు పల్లెలకు మనుషుల్ని పంపింది. వాళ్లు రెక్కాడితే గాని డొక్కాడనివాళ్ల దగ్గర పిడికెళ్లు పోగుచేసి చేశారు. మనం ఏసీ పెట్టిన చర్చిలో కూర్చుని డబ్బు చాలడం లేదంటున్నాం.

మీరు బియ్యమే అడగాలని లేదు. ఉద్యోగాలున్న ఇళ్లకు నెలకు ఒక కవరివ్వండి, వంద రూపాయలో యాభయ్యో. ఎవరిదో తెలియని కవరు కాదు, నంబరున్న కవరు. నంబరుంటే రసీదు రాయొచ్చు, పేరు మైకులో చదవనక్కర్లేదు. వేలంపాటలో గుమ్మడికాయ వెయ్యి రూపాయలు పలికితే నాకూ సరదాగానే ఉంటుంది, ఒకరి మీద ఒకరు పాడుతుంటే పిల్లలు ఎగురుతారు. కాని పోయినసారి ఒకాయన నాటుకోడి పాడి, తర్వాత ఆ డబ్బు కట్టకుండా నెలలు గడిపాడు. పేరు మాత్రం ఆ రోజే మైకులో మోగిపోయింది. అదే పూట ఒక విధవరాలు చీర చెంగు ముడి విప్పి పళ్లెంలో వేసిన నోటు ఎవరికీ తెలియదు. అది తెలియకపోవడమే సరైనది. నాటుకోడి పేరు కూడా అలాగే తెలియకపోతే బాగుండేది.

ఇక డబ్బు ఎలా పట్టుకోవాలో. మీ కరపత్రం మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ట్రెజరరు పేరు వస్తోంది. అతను మంచి కుర్రాడు, నాకు అనుమానం లేదు. అందుకే అతన్ని కాపాడాలంటున్నాను. అతని జీతం, అతని ఈఎంఐ, స్నేహితులు తిరిగిచ్చిన అప్పు, మీ చందా, అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోతే ఏది ఎవరిదో రేపు అతనే చెప్పలేడు. ఆదాయపన్నువాళ్లు అడిగితే అది అతని ఆదాయం కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. ముందు రిజిస్ట్రేషను పూర్తి చేయండి. మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. బైలాస్ (సమితి నియమాలు) రాసుకోండి, సమితి పేరున పాన్ తీసుకోండి, ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు కదిలేలా బ్యాంకు ఖాతా తెరవండి. ఆ ఖాతాకు క్యూఆర్ తెచ్చుకుని అప్పుడు కరపత్రం వేయండి. ఈలోపు క్యారల్స్ వచ్చేస్తాయంటారా, ఈ ఒక్క ఏడాదికి సంఘం ఖాతాలో వేరే పద్దు కింద జమ చేయించండి. రిజిస్ట్రేషనుతో పని అయిపోదని కూడా గుర్తుంచుకోండి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గం జాబితా, లెక్కలు రిజిస్ట్రారు ఆఫీసులో ఇవ్వాలి. రిజిస్టరు చేయించి మూడేళ్లు కాగితం పెట్టకుండా వదిలేసిన సొసైటీలు మన జిల్లాలో తక్కువేం లేవు.

డల్లాస్‌లో ఉన్న అన్నల గురించి కూడా చెప్పాలి. మీ వాట్సాప్ గ్రూపులో విదేశాల్లో ఉన్న మన సంఘం పిల్లలు చాలామంది ఉన్నారు, పంపుతామని ఉత్సాహపడుతున్నారు. అక్కడ ఉంటూ ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నవాడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే, వాడు మన ఇంట్లో పుట్టినవాడైనా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఒక్క డాలరు తీసుకున్నా నేరం. ఆ రిజిస్ట్రేషనుకు సంస్థ పుట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు సేవ మీద ఖర్చుపెట్టి ఉండాలి. 2020లో చట్టం మార్చాక ఆ డబ్బు ముందుగా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. వచ్చినదాన్ని ఇంకో సంస్థకు ఇవ్వడానికి కూడా లేదు. మీ స్థాయికి ఇదంతా అక్కర్లేని తలనొప్పి. పౌరసత్వం మారిన అన్నలను ప్రార్థన చేయమనండి, సెలవులకు వచ్చినప్పుడు ట్యూషన్ పిల్లలకు కంప్యూటరు నేర్పమనండి.

ఆ చట్టంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆఫీసు ఖర్చులు, తిరుగుళ్లు వగైరా అంతకుముందు సగం దాకా పెట్టుకోవచ్చు, 2020 నుంచి 20 శాతమే. మీకు అది వర్తించకపోయినా ఆ కొలత మీరే పెట్టుకోండి. లక్ష వసూలైతే ఇరవై వేలు దాటి వ్యాను, సౌండు, టీ షర్టులు, టిఫిన్లకు పోకూడదు. నిజానికి ఇరవై కూడా ఎక్కువే. ఒకే రంగు టీ షర్టులు వేసుకుంటే గాని పాట రాదా? ఏసు పుట్టుక చూసి అందరికీ చెప్పిన గొల్లలు పొలంలో ఉన్న బట్టలతోనే వెళ్లారు.

రక్తదానం గురించి రెండు ముక్కలు. గుడ్ ఫ్రైడే రోజు క్యాంపు పెట్టి ఒక్కపూటలో అందరూ ఇచ్చేస్తున్నారు. బాగానే ఉంది, కాని ఎర్ర కణాలు ఎంత బాగా నిల్వ చేసినా 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులు. ఆ రోజు సంచులు నిండిపోతాయి. మే, జూన్ ఎండల్లో కాలేజీలకు సెలవులిచ్చి క్యాంపులు లేనప్పుడు తలసీమియా (ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని జబ్బు) ఉన్న పిల్లలకు రక్తం దొరకదు. వాళ్లకు రెండు నాలుగు వారాలకొకసారి ఎక్కించాల్సిందే. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు మళ్లీ ఇవ్వొచ్చు. అందరూ ఒకే రోజు ఇవ్వకుండా జట్లుగా విడిపోయి నెలకు కొంతమంది చొప్పున ఇవ్వండి. ఎవరి గ్రూపు ఏది, చివరగా ఎప్పుడిచ్చారు, ఒక రిజిస్టరు పెట్టుకోండి. దీనికి పైసా చందా అక్కర్లేదు, ఫొటోకు పనికొచ్చే జనం మాత్రం ఉండరు.

క్యారల్స్ మొదలయ్యేలోపు నేను అడుగుతున్నవి ఇవీ. దుప్పట్లు ఈ ఏడాదికి మానేసి ఆ డబ్బు ట్యూషన్ టీచరు జీతం కింద విడిగా పెట్టండి. పుచ్చుకునేవాళ్ల ముఖాలు కనిపించే ఫొటో ఒక్కటి కూడా స్టేటస్‌లో పెట్టకూడదని తీర్మానం రాయండి. పాతవి తీసేయండి. ప్రతి నెలా మొదటి ఆదివారం ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత ఉంది అన్న కాగితం, బ్యాంకు స్టేటుమెంటుతో పాటు, చర్చి గుమ్మం పక్కన నోటీసు బోర్డు మీద అంటించండి. బియ్యం, నోటు పుస్తకాలు లాంటి వస్తువులు వస్తే వాటికి వేరే స్టాకు పుస్తకం. లెక్క చూడటానికి ఇద్దరిని పెట్టుకోండి, వాళ్లు మీ కమిటీలో ఉండకూడదు, మీ చుట్టాలు అవకూడదు. ఒకరు సంఘం బయటివారైతే ఇంకా మంచిది. కొట్లవాళ్లు చందా ఇస్తున్నారు కాబట్టి వాళ్లలో ఒకరిని అడగండి. ఎదుటివాడి లెక్కలో తప్పు పట్టడంలో మన బజారువాళ్లను మించినవాళ్లు లేరు.

డీకన్లకు కూడా ఇదే మాట. సంఘం లెక్కలు ఏడాదికొకసారి, అదీ భోజనాల వేళ, గబగబా చదివేస్తున్నారు. పిల్లలు నెలనెలా బోర్డు మీద అంటిస్తుంటే పక్కన మీ కాగితం లేకపోతే అడుగుతారు. అడగాలనే నా కోరిక.

స్త్రీల సమాజం తరఫున ట్యూషన్ టీచరు జీతంలో కొంత నెలనెలా ఇవ్వడానికి మేం ఒప్పుకున్నాం. మొదటి నెల కాగితం బోర్డు మీద కనిపించాక డబ్బు పంపిస్తాం. రసీదు పుస్తకాలు అచ్చుకిచ్చేటప్పుడు వరస నంబర్లు, కార్బన్ కాపీ ఉండేలా వేయించండి. ఇంటింటికీ తిరిగే ప్రతి జట్టుకు ఒక్కో పుస్తకం ఇచ్చి, ఎవరికి ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఇచ్చారో ముందే రాసి పెట్టుకోండి. చెడిపోయిన రసీదులు చింపి పారేయొద్దు, అడ్డంగా గీత కొట్టి పుస్తకంలోనే ఉంచండి.

మీ సండే స్కూలు టీచరమ్మ,
స్త్రీల సమాజం ట్రెజరరు,
ఒంగోలు